ఒడ్డు జరిగినా ఊరు లెక్కలో ఉండాలి

ఈ రోజు ఉప్పాడ గురించి, ఆ ఊరి జనం లెక్క గురించి మీతో మాట్లాడాలనుకుంటున్నాను. కాకినాడ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి వెళ్తే కుడిచేతి పక్క సముద్రం, ఎడమచేతి పక్క ఇళ్ళు. ఆ దారి తీసుకెళ్ళేది ఉప్పాడకే. ఊరి పేరు చెప్పగానే దేశంలో చాలామందికి జాందానీ చీర గుర్తొస్తుంది. తుపాను హెచ్చరిక వచ్చిందంటే టీవీల్లో ముందు కనిపించేది ఆ ఊరి రోడ్డు మీద విరిగిపడే కెరటమే. ఆ చీర నేసే చేతులూ, ఆ కెరటం దాటి వేటకు పోయే కాళ్ళూ ఎవరివో, వాళ్ళెంతమందో, ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగారో మనం సరిగ్గా రాసి పెట్టుకుంటున్నామా? ఈ ప్రశ్న అడగడానికి ఇదే తగిన సమయం.

ఎందుకంటే జనాభా లెక్కలు వస్తున్నాయి. మన దేశంలో జనగణన 1872లో మొదలైంది. దేశమంతా ఒకే సమయానికి లెక్కించడం 1881లో మొదలై, పదేళ్ళకొకసారి 2011 దాకా ఆగకుండా సాగింది. యుద్ధాలొచ్చినా, కరువులొచ్చినా ఆ వరస తప్పలేదు. 2021లో జరగాల్సిన లెక్క మాత్రం కోవిడ్ వల్ల వాయిదా పడింది. ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా పెట్టుకుని లెక్కించాలని కేంద్ర ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. 2026లో ఇళ్ళ జాబితా, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. అంటే పదహారేళ్ళ తర్వాత మళ్ళీ మన గుమ్మంలోకి ఒక ఎన్యూమరేటరు వస్తారు. చాలా ఊళ్ళలో ఆ వచ్చేది మన పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టారో, టీచరమ్మో.

ఈ పదహారేళ్ళలో ఉప్పాడ చుట్టూ ఎంత మారిందో చూడండి. 2011లో ఆ ఊరు ఉమ్మడి రాష్ట్రంలో, తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 2014లో రాష్ట్రం రెండైంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి ఉప్పాడ, దాని కొత్తపల్లి మండలంతో సహా కాకినాడ జిల్లాలోకి వచ్చింది. 2011 లెక్క ప్రకారం పాత తూర్పు గోదావరి జిల్లా జనాభా 51,54,296. ప్రతి వెయ్యి మంది మగవాళ్ళకు 1,006 మంది ఆడవాళ్ళు. అక్షరాస్యత దాదాపు 71 శాతం. 2001 నుంచి 2011 మధ్య దేశ జనాభా 17 శాతానికి పైగా పెరిగితే, ఈ జిల్లా జనాభా పెరిగింది 5 శాతం పైచిలుకు మాత్రమే. పక్కనున్న పశ్చిమ గోదావరిలో మూడున్నర శాతం. పుట్టుకలు తగ్గాయి, చదువుకీ కొలువుకీ హైదరాబాదుకో, విశాఖకో, గల్ఫ్ దేశాలకో వెళ్ళినవాళ్ళు పెరిగారు. పచ్చటి డెల్టా మీద ఆ రెండూ కలిసి చేసిన పని అది.

అయితే జిల్లా సగటు ఉప్పాడ కథ చెప్పదు. డెల్టాలోని మిగతా పెద్ద ఊళ్ళకు నేల ఉంది. కాలువ గట్టు, వరి చేను, కొబ్బరి తోట ఉన్న చోటే ఉంటాయి. తాత కట్టిన ఇల్లు పాడుపడ్డా ఆ స్థలం మనవడిదే. ఉప్పాడలో ఆ భరోసా లేదు. అక్కడ సముద్రం ఊరిని కోస్తోంది. ఉప్పాడలోనూ, సుబ్బంపేట, సూరాడపేట, మాయాపట్నం, జగ్గరాజుపేట లాంటి పేటల్లోనూ ప్రతి తుపానుకూ, కొన్నిసార్లు పౌర్ణమి, అమావాస్య పోట్లకు కూడా ఇళ్ళు కూలుతున్నాయి. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఈ తీరంలో ఇసుకలో బంగారు రేణువులు దొరుకుతున్నాయని జనం గుంపులుగా వెతికిన వార్త మీరు వినే ఉంటారు. సముద్రంలో కలిసిపోయిన పాత ఇళ్ళ నుంచి, గుళ్ళ నుంచి కొట్టుకొచ్చినవే అవి అన్నారు ఊరివాళ్ళు. ఒకప్పుడు ఊరు ఉన్న చోటు ఇప్పుడు నీళ్ళ కింద ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఎందుకిలా అవుతోంది? గోదావరి మోసుకొచ్చే ఇసుక సముద్రంలో కలిశాక ఒడ్డు వెంబడి ఉత్తరానికి జరుగుతుంది. కాకినాడ ముందు హోప్ ఐలాండ్ అని మనం పిలిచే పొడవాటి ఇసుక తిన్నె ఆ ఇసుకతోనే పెరిగింది. కాకినాడ రేవును పెద్ద అలల నుంచి కాపాడేది అదే. కానీ ఇసుక అక్కడ ఆగిపోతే, దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడ ఒడ్డుకు అందాల్సింది అందదు. ఓడరేవు కోసం కట్టిన కట్టడాలు ఇసుక దారికి అడ్డుపడతాయి. నది పైన ఆనకట్టలు, జలాశయాలు ఒండ్రును ముందే పట్టేస్తాయి. అలలు తీసుకెళ్ళే ఇసుక ఎక్కువ, తెచ్చే ఇసుక తక్కువ. బండరాళ్ళు పోశారు, జియో ట్యూబులతో కట్ట కట్టారు, తుపాన్లకు అవీ దెబ్బతిన్నాయి. ఇది ఉప్పాడ ఒక్కదాని బాధ కూడా కాదు. 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలు పరిశీలించిన జాతీయ తీర పరిశోధన కేంద్రం దేశం తీరంలో మూడో వంతు కోతకు గురవుతోందని తేల్చింది. మన రాష్ట్రంలో ఆ వాటా 28 శాతానికి పైనే. కోతకు గురవుతున్న ఆ తీరంలో ఇంత దట్టంగా జనం ఉన్న ఊళ్ళు కొన్నే ఉంటాయి. ఉప్పాడ అందులో ఒకటి.

ఇక జనాభా లెక్కల సంగతికి వస్తాను. జనగణనలో ప్రతి మనిషినీ ఇంతకుముందు ఎక్కడ ఉండేవారు, ఎందుకు మారారు అని అడుగుతారు. అయితే ఒక ఊరు వదిలి ఇంకో ఊరికో, పట్నానికో వెళ్తేనే అది వలస. ఒకే ఊళ్ళో ఒక పేట నుంచి ఇంకో పేటకు మారితే వలస కాదు. ఇప్పుడు ఉప్పాడలో ఒడ్డున ఇల్లు పోయి వెనక్కి వచ్చి గుడిసె వేసుకున్న కుటుంబాన్ని ఊహించుకోండి. అదీ పోయి మళ్ళీ వెనక్కి జరిగిందనుకోండి. ఇల్లు రెండుసార్లు పోయింది, అప్పు రెండుసార్లు చేశారు. జనగణన కాగితం మీద మాత్రం ఆ కుటుంబం కదలనే లేదు. ఊరు మారి కాకినాడకో, పిఠాపురానికో వెళ్ళినా, 2011 ఫారంలో కారణాలు ఇవి: ఉపాధి, వ్యాపారం, చదువు, పెళ్ళి, పుట్టాక తరలడం, ఇంటివారితో తరలడం, ఇతరం. సముద్రం తరిమితే వచ్చినవాళ్ళు ఆ చివరి మాటలో కలిసిపోయారు.

దేశం మొత్తం మీద లెక్క తీసేటప్పుడు ఇలాంటి నియమాలు తప్పవు. లెక్క తీసినవాళ్ళను నిందించాలని నేనిది చెప్పడం లేదు. ఉప్పాడ జీవితంలో అతి ముఖ్యమైన కదలికను దేశపు లెక్క చూడలేదని, దాన్ని చూసే పని ఊరే చేసుకోవాలని చెప్పడానికే చెబుతున్నాను. ఆ పని ఎలాగో చివర్లో చెబుతాను. అంతకంటే ముందు, దేశపు లెక్క చూడగలిగిన వాటిని మనం దాచకుండా, వదలకుండా చెప్పాలి. అందులో నాలుగైదు విషయాలు మనవి చేస్తాను.

మొదటిది ఇంటి లెక్క. జనగణనలో కుటుంబమంటే ఒకే వంట తిని కలిసి బతికేవాళ్ళు. ఒకే కప్పు కింద ఇద్దరు అన్నదమ్ములు వేరు పొయ్యిలు పెట్టుకుంటే వాళ్ళు రెండు కుటుంబాలు. ఇల్లు పోయినవాళ్ళు అన్న ఇంట్లోనో, అత్తవారింట్లోనో తలదాచుకుంటున్న ఊళ్ళో ఈ నియమం చాలా విలువైనది. వచ్చినవారు తలుపు దగ్గర నిలబడి ఎంతమంది అని అడిగితే, ఇంటి పెద్ద పది మంది అని ఒక్క మాటలో చెప్పేస్తే, ఆ పదిమందీ ఒకే కుటుంబం అయిపోతారు. వాళ్ళలో సొంత గది లేని మూడు కాపురాలు ఉన్నాయన్న నిజం ఎక్కడా కనిపించదు. రేపు ఇళ్ళు కావాలని అడిగినప్పుడు మన చేతిలో ఆధారం ఉండదు. కాబట్టి వంట వేరైతే వేరని చెప్పండి. రేషను కార్డు పోతుందేమో, పింఛను ఆగుతుందేమో అన్న భయం వద్దు. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం మనమిచ్చిన సమాధానాలు రహస్యం. ఏ కోర్టులోనూ వాటిని మన మీద సాక్ష్యంగా వాడడానికి వీల్లేదు.

రెండోది పని లెక్క. ఇది ఉప్పాడకు ప్రాణం లాంటి విషయం. జనగణన ప్రాథమిక పట్టికల్లో పనిచేసేవాళ్ళను నాలుగు రకాలుగా చూపిస్తారు: సాగుదార్లు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమలో పనిచేసేవారు, ఇతర పనివారు. సముద్రంలో వేట ఈ నాలుగింటిలో ఎక్కడ పడుతుంది? ఇతర పనివారిలో. బడిపంతులు, బస్సు డ్రైవరు, దుకాణదారుతో పాటు పడవ మీద వెళ్ళే మనిషీ అదే గడిలో ఉంటాడు. ఊరి పేరు పెట్టి పట్టిక తెరిస్తే, తరతరాలుగా ఆ ఊరిని బతికించిన వృత్తి పేరుతో కనిపించదు. వేటపై బతికేవాళ్ళ లెక్క కోసం విడిగా సముద్ర మత్స్యకారుల గణన ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ 2010లో చేసిన గణనలో దేశం మొత్తం మీద 3,288 మత్స్యకార గ్రామాలు, సుమారు 40 లక్షల జనం తేలారు. అందులో మన రాష్ట్రానివి 555 గ్రామాలు, 6 లక్షల పైచిలుకు జనం. 2025 నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ గణనను డిజిటల్‌గా మళ్ళీ చేశారు. ఆ లెక్కా, జనగణనా పక్కపక్కన పెట్టి చూసుకుంటేనే ఉప్పాడ లాంటి ఊరి ముఖం తెలుస్తుంది.

పని ఎన్ని నెలలు చేశారన్నదీ అడుగుతారు. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పనిచేస్తే ప్రధాన కార్మికులు. అంతకు తక్కువైతే ఉపాంత కార్మికులు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేటకు నిషేధం. ఆ పైన తుపాను రోజులు, ఇంజను చెడిన రోజులు, డీజిలుకు డబ్బు లేని రోజులు. ఒడ్డున కూర్చున్న రోజులన్నీ తీసేసి నాకు పని తక్కువండీ అంటారు చాలామంది. ఆ రోజుల్లో వల అల్లారు, చిరిగిన వల కట్టారు, పడవకు రంగు వేశారు, ఇంజను విప్పి బాగు చేయించారు. అదంతా వేటలో భాగమే. దాన్ని కలిపి చెప్పండి.

ఇక ఆడవాళ్ళ పని. పడవ ఒడ్డుకు రాగానే పాట పాడి చేప కొనేదీ, గంప నెత్తికెత్తుకుని ఊరూరా తిరిగేదీ, అమ్ముడుపోని చేపను ఉప్పు రాసి ఎండబెట్టేదీ ఎక్కువగా వాళ్ళే. నేతగాళ్ళ వీధికి వెళ్ళినా అంతే. మగ్గం మీద కూర్చునే ముందు నూలు సిద్ధం కావాలి. కండెలు చుట్టాలి, పడుగు సాగదీయాలి, పోగులు అతకాలి. జాందానీ పనిలో ఒక్కో బుటాకు విడివిడిగా రంగు దారాలు చేత్తో తిప్పాలి. అందుకని మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటారు, చాలా ఇళ్ళలో వాళ్ళు మొగుడూ పెళ్ళాలే. పనితనం ఎక్కువున్న చీర పూర్తి కావడానికి నెలలు పడుతుంది. 2009లో ఉప్పాడ జాందానీకి భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే ఆ రెండు జతల చేతుల వల్లే వచ్చింది. అయినా గుమ్మంలో నిలబడి, అమ్మా మీరేం పని చేస్తారు అని అడిగితే, నాకేం పనండీ, ఇంటికాడే ఉంటాను అంటుంది ఆ తల్లి. ఎన్యూమరేటరు అది రాసుకుని వెళ్ళిపోతే ఒక నేతగత్తె లెక్కలోంచి మాయమైపోతుంది.

జనగణన నియమాల ప్రకారం ఇంటి పరిశ్రమలో కూలి తీసుకోకుండా సాయం చేసినా అది పనే. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణనలో 35 లక్షలకు పైగా చేనేత పనివారు తేలారు. వాళ్ళలో మూడింట రెండు వంతులకు మించి ఆడవాళ్ళే. పదేళ్ళ ముందు జరిగిన గణనలో ఆ సంఖ్య 43 లక్షలు. అంటే ఎనిమిది లక్షల మంది మగ్గం దిగిపోయారు. ఈ దిగిపోవడం ఉప్పాడలో ఎంత, ఎవరు దిగారు, ఏ వయసువాళ్ళు ఇంకా కూర్చున్నారు అన్నది తెలియాలంటే ప్రతి ఇంట్లో ప్రతి ఆడమనిషి తన పని తన నోటితో చెప్పాలి. సొంత ఇంట్లో మగ్గం ఉంటే ఇంటి పరిశ్రమ అని, మాస్టర్ వీవరు షెడ్డుకు వెళ్ళి కూలికి నేస్తే ఆ మాటే స్పష్టంగా చెప్పాలి. రెండూ వేర్వేరు గళ్ళు.

మూడోది ఇంట్లో లేనివాళ్ళ లెక్క. వేటకు రోజుల తరబడి వెళ్ళేవాళ్ళూ, వేరే రేవుల్లో బోట్ల మీద పనిచేసేవాళ్ళూ ఉప్పాడలో ఎందరో. నియమం తేలికే. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు లెక్క తీశారు. ఆ రోజుల్లో ఎప్పుడైనా ఇంట్లో ఉన్నవారిని, లేదా ఆ లోపు వస్తారని తెలిసినవారిని ఇంటి దగ్గరే రాశారు. ఆ రోజులన్నీ బయటే ఉన్నవారిని వాళ్ళున్న చోట లెక్కించాలి. కాబట్టి నాలుగు రోజుల్లో వచ్చే కొడుకును ఇంట్లో లేడు కదా అని వదిలేయకండి. నెలల తరబడి వేరే రాష్ట్రంలో ఉన్న కొడుకుకు ఫోను చేసి, అక్కడ లెక్క రాయించుకో నాన్నా అని చెప్పండి. రెండు చోట్లా వదిలేసిన మనిషి దేశంలోనే లేనట్టు.

ఇంట్లో లేనివాళ్ళలో ఇంకో రకం ఉన్నారు. సముద్రం నుంచి తిరిగిరాని వాళ్ళు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. అందులో వేటకు వెళ్ళి గల్లంతైన మత్స్యకారులు వందల్లో ఉన్నారు. దొరకని మనిషిని చనిపోయినట్టు భావించడానికి చట్టం ఏడేళ్ళు ఆగమంటుంది. ఆ ఏడేళ్ళూ ఆ ఇంటి ఇల్లాలు భర్త ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ఇంటి పెద్ద ఎవరని అడిగినప్పుడు ఆమె సంకోచించకుండా తన పేరు చెప్పుకోవాలి. ఆ కుటుంబాన్ని మోస్తున్నది ఆమే. తీరం వెంబడి ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో తెలియకపోతే వాళ్ళకోసం ఏ పథకమూ రాదు.

నాలుగోది వయసు. మన దేశపు లెక్కల్లో సున్నాతోనూ, ఐదుతోనూ ముగిసే వయసులవారు ఎప్పుడూ ఉండాల్సినదానికంటే ఎక్కువ కనిపిస్తారు. నలభై, యాభై, అరవై అని గుండుగుత్తగా చెప్పడమే దానికి కారణం. పెద్దవాళ్ళకు పుట్టిన తేదీ తెలియకపోవచ్చు. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నాటికి పెళ్ళయిందా, 1996 తుపాను నాటికి పిల్లలెంతవాళ్ళు అని అడిగితే వయసు దగ్గర దగ్గరగా తేలిపోతుంది. ఎన్యూమరేటర్లకు ఇలా అడగడం నేర్పుతారు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ముందే అమ్మమ్మ, తాతల వయసులు లెక్కగట్టి ఉంచండి.

వయసు మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మన రాష్ట్రంలో పుట్టుకలు బాగా తగ్గాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఒక తరం తన స్థానాన్ని తాను నింపుకోవాలంటే 2.1 కావాలి. ఇద్దరు పిల్లలకు మించితే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో పెట్టిన నియమాన్ని 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ముప్పై ఏళ్ళలో మన ఆందోళన ఎటు నుంచి ఎటు తిరిగిందో దాన్ని బట్టే తెలుస్తుంది. ఉప్పాడలో దీని అర్థం ఏమిటి? మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి, పడవ మీద నలుగురైదుగురు వెళ్ళాలి. ఇంటికి ఒకరిద్దరు పిల్లలై, ఆ పిల్లలు చదువుకుని కాకినాడలో ఉద్యోగం చూసుకుంటే, అది ఆ కుటుంబానికి మేలే. ఆ పిల్లలు బాగుపడాలని మనమందరం కోరుకుంటాం. అదే సమయంలో మిగిలిపోయే పెద్దవాళ్ళకు ఆసరా ఎవరు, పని ఎవరు నేర్చుకుంటారు అన్నవి వయసుల పట్టిక లేకుండా ఊహించలేని విషయాలు. తుపాను రాత్రి షెల్టరుకు తీసుకెళ్ళాల్సిన ముసలివాళ్ళు ఏ పేటలో ఎందరున్నారో తెలియడం ప్రాణాలతో ముడిపడిన లెక్క.

ఐదోది కులం. 1931 తర్వాత మొదటిసారి, రాబోయే జనగణనలో అన్ని కులాలనూ లెక్కిస్తామని కేంద్రం నిర్ణయించింది. తీరంలో వాడబలిజ, జాలరి, పల్లి, అగ్నికుల క్షత్రియ అని రకరకాల పేర్లున్నాయి. నేతగాళ్ళలో దేవాంగులు, పద్మశాలీలు ఉన్నారు. ఇంట్లో వాడుకపేరు ఒకటి, సర్టిఫికెట్టులో ఒకటి, పక్క ఊరివాళ్ళు పిలిచే పేరు ఇంకొకటి అయితే ఒకే సమాజం నాలుగు ముక్కలై నాలుగు చిన్న అంకెలుగా తేలుతుంది. సంఘం పెద్దలు ముందే కూర్చుని మాట్లాడుకోవాలి, ప్రతి ఇంటికీ చెప్పాలి.

ఇన్ని ప్రశ్నలకు ఇంత ఓపిగ్గా జవాబు చెప్పడం వల్ల ఊరికి వచ్చేదేమిటి? చాలానే ఉంది. మైదాన ప్రాంతంలో ఐదు వేల జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రం, ముప్పై వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది నియమం. అంగన్‌వాడీకి కూడా జనాభాయే కొలబద్ద. కేంద్ర ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చే నిధుల్లో జనాభా తూకమే పెద్దది. ఇన్నాళ్ళూ ఆ తూకం 2011 నాటిదే. వేట నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబాలకిచ్చే సాయం 2025లో 20,000 రూపాయలైంది. పడవలనూ, వాటి మీద వెళ్ళేవాళ్ళనూ ఒడ్డున నిలబెట్టి లెక్కించి ఆ జాబితా తయారుచేస్తారు. జాబితాలో పేరుండటం అంటే ఏమిటో, లేకపోవడం అంటే ఏమిటో ఉప్పాడ వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక నేను ముందు చెప్పిన ఆ పని. దేశపు లెక్క చూడలేని కదలికను ఊరు రాసుకోవాలి. ఇందుకు మనకు మంచి పూర్వులున్నారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పిన గిల్బర్ట్ స్లేటర్, తన విద్యార్థుల చేత వాళ్ళ వాళ్ళ పల్లెల్ని పరిశీలింపజేసి 1918లో పుస్తకం వేయించారు. అందులో మన గోదావరి ప్రాంతంలోని ఊనగట్ల కూడా ఉంది. సుమారు ఇరవై ఏళ్ళ తర్వాత వేరే పరిశోధకులు అదే ఊరికి మళ్ళీ వెళ్ళి ఏం మారిందో రాశారు. అలాగే 1961 జనగణనతో పాటు ఎంచిన కొన్ని ఊళ్ళ మీద గ్రామ పరిశీలనా గ్రంథాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ జనగణన అధికారి ఎ. చంద్రశేఖర్ ఆధ్వర్యంలో మన రాష్ట్రం నుంచి కూడా వెలువడ్డాయి. ఇల్లు ఎలా కట్టుకున్నారు, ఏం తిన్నారు, అప్పు ఎక్కడ తెచ్చారు, పనిముట్లేమిటి అని ఒక్కో ఊరి జీవితాన్నీ నింపాదిగా రాశారు. ఆ గ్రంథాలు ఈ రోజు మన చరిత్రకు ఆధారాలు.

ఉప్పాడకు అలాంటి పుస్తకం కావాలి, అది ఊరే రాయాలి. పెద్ద ఖర్చేమీ లేదు. పంచాయతీలో ఒక రిజిస్టరు, హైస్కూలు పిల్లలు, వాళ్ళకు దారిచూపే ఇద్దరు మాస్టార్లు, ప్రతి పేట నుంచి ఒక పెద్ద మనిషి చాలు. ఇంటింటికీ ఐదే ప్రశ్నలు. ఇప్పుడున్న ఇల్లు ఎప్పుడు కట్టారు? అంతకుముందు ఇల్లు ఎక్కడ, సముద్రానికి ఎంత దూరంలో ఉండేది? ఏ ఏడాది, ఏ తుపానుకు పోయింది? ఆ స్థలానికి పట్టా ఉండేదా? ఇల్లు పోయాక ఇంట్లోవాళ్ళు ఎవరెవరు ఎక్కడెక్కడికి వెళ్ళారు? ఈ ఐదింటికీ జవాబులు రాసి, ఒక పటం మీద పాత ఇళ్ళ చోట్లు గుర్తుపెడితే, సముద్రం ఎంత జరిగింది అన్నదానితో పాటు, అది ఎందరిని ఎన్నిసార్లు జరిపింది అన్నది మొదటిసారి తెలుస్తుంది. పాత ఇళ్ళ చోట్లు చూపించగల పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు వెళ్ళిపోతే ఆ చోట్లు చెప్పేవాళ్ళు ఉండరు. కాబట్టి ఇది వచ్చే ఏడాదికి వాయిదా వేయగలిగిన పని కాదు.

గట్టు కట్టమనీ, ఇళ్ళ స్థలం ఇమ్మనీ అడిగినప్పుడు అధికారి ముందు పెట్టడానికి ఆ రిజిస్టరు పనికొస్తుంది. సముద్రం ఒడ్డును ఎంత కోసిందో ఉపగ్రహం చెబుతుంది. ఆ ఒడ్డు మీద ఎవరి పొయ్యి ఉండేదో, ఎవరి మగ్గం ఉండేదో చెప్పగలిగేది ఊరివాళ్ళే. రెండూ కలిస్తేనే నష్టం అంటే ఏమిటో పూర్తిగా తెలుస్తుంది, ఆ తర్వాతే పరిహారం గురించి, పునరావాసం గురించి న్యాయంగా మాట్లాడగలం.

చివరగా ఉప్పాడ సోదరులకు, అక్కచెల్లెళ్ళకు, ఆ తీరం పొడవునా ఉన్న పేటలన్నిటికీ నా విన్నపం. ఎన్యూమరేటరు మీ ఇంటికి వచ్చినప్పుడు లోపలికి పిలిచి కూర్చోబెట్టండి. మగవాళ్ళు చెబుతుంటే ఆడవాళ్ళు పక్కకు తప్పుకోకుండా మీ పని మీరే చెప్పండి. వంట వేరైతే వేరనండి. సముద్రంలో ఉన్న కొడుకును రాయించండి. అది అయ్యాక మీ ఊరి రిజిస్టరు మీరు మొదలుపెట్టండి. ఊళ్ళో బడి ఉంది, పంచాయతీ ఉంది, జ్ఞాపకమున్న పెద్దలున్నారు. ఒక సాయంత్రం గ్రామసభలో తీర్మానం చేస్తే మర్నాటి నుంచే పని మొదలుపెట్టవచ్చు.